నడక వీధికి నిమ్మకాయలు

నేరేడ్‌మెట్‌లో ఆ షాపింగ్ కాంప్లెక్స్ వాళ్లకు ఉన్నట్టుండి నడక మీద ప్రేమ పుట్టింది. కార్ల పార్కింగ్ తీసేసి, చెట్లు నాటి, 'నడక వీధి' అని బోర్డు పెట్టారు. గేటు దగ్గర ఏళ్లుగా నిమ్మకాయలమ్మే లచ్చమ్మను నడిచేవాళ్లకు అడ్డమని పక్క సందులోకి తోలేశారు.

ప్రారంభం రోజు మేనేజర్ యుగంధర్ ఆమె గంప దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.

"లచ్చమ్మా, జెర జల్ది నిమ్మకాయలియ్యి. పూజ షురూ అయితుంది."

"దిష్టి తీయనీకా సార్? ఎన్ని?"

"నాలుగు."

లచ్చమ్మ చెయ్యి గంపలోనే ఆగింది.

"నాలుగంటే కారు చక్రాల కిందికే గద! నడిచే వీధిల కారేంది?"

"చైర్మన్ సార్ వీధంతా తిరిగి చూడాలె గదా. దానికనే కొత్తది కొన్నరు."

లచ్చమ్మ నాలుగు మంచి కాయలు ఏరి అతని దోసిట్లో పెట్టింది.

"తీస్కపోండ్రి సార్. మీ కాంప్లెక్సుకు రోజు నడిసొచ్చేది నేనొక్కదాన్నే ఉంటి. నన్నే ఎల్లగొడ్తిరి."