ఆనకట్ట అడిగిన మాట

ఆ కాలపు ఆనకట్టలన్నిటిలాగే నాయుడుగారి సొంత ఆనకట్టకూ నోరుంది. కింది ఇళ్లవాళ్లంతా మెట్ట ఎక్కామని చెబితేనే వాగులోకి నీళ్లు వదులుతుంది. నిండి పొర్లడానికి సిద్ధంగా ఉన్నా, పైడితల్లి జవాబు కోసం ఆగింది. గేదె కోసం వాగులోకి దిగిన ఆమె మొగుడు ఇంకా రాలేదు.

“సెప్పీయే పైడీ! కట్ట తెగితే ఊరే మిగల్దు,” అన్నాడు పక్కింటి సింహాద్రి.

“నీ కొడుకైతే సెప్పేస్తువా మావా?”

ఆనకట్ట ఫోనులో మర్యాదగా మళ్లీ అడిగింది. “పైడితల్లిగారూ, మీ ఇంట్లో అందరూ ఎక్కారా?”

పైడితల్లి వాగువైపు తిరిగింది. నీళ్లు వదిలినప్పుడల్లా తల్లి చెప్పే జవాబు విని నేర్చిన చంటిది చంకలోంచి వంగి, “ఎక్కీసాం,” అంది.

“సంతోషమండీ,” అంది ఆనకట్ట.

పైన తలుపులు లేచాయి. మొగుణ్ని ఎన్నడూ పేరు పెట్టి పిలవని పైడితల్లి, “సూరీ!” అని వాగులోకి కేక పెట్టింది.