కొలిమి ముందు నిలబడితే

అమ్మాయీ, నా కోడిగీతలూ రాతలో తప్పులూ చూసి నవ్వుకోకుండా కాస్త సర్దుకుని చదువుకో.

మీ ఆయన మా గాజు కొలిమిలో చేరినప్పటినుంచీ నాకు అనుమానమే. నేను మంట దగ్గరనుంచి ఇవతలికి వస్తే చాలు, "మామయ్యా, నిలబడకండి, నడవండి" అంటాడు. అల్లుడు మామ చేత కవాతు చేయిస్తున్నాడని అందరూ నవ్వుతారు. ముసలాడి పని అయిపోయిందని మేస్త్రీకి చూపించి, నా చోటు కొట్టేయాలని అతని ఎత్తు అనుకున్నాను. అది పోతే నేనిక ఇంట్లో కూర్చోవలసిందే.

ఇవాళ పంతం పట్టి, మేస్త్రీ ఎదుటే కదలకుండా నిలబడ్డాను. కళ్ళు చీకట్లు కమ్మాయి.

తెలివి వచ్చేసరికి నా కాళ్ళు మీ ఆయన భుజం మీద ఉన్నాయి.

"వేడికి నెత్తురంతా చర్మంలోకి వస్తుంది మామయ్యా. కదలకుండా నిలబడితే కాళ్ళలోకి దిగిపోతుంది, తలకి అందదు. నడిస్తేనే పైకెక్కేది."

"నీకెవరు చెప్పారయ్యా?"

"డాక్టరు."

"డాక్టరుతో నీకేం పని?"

అతను చొక్కా చేతులు కిందికి లాక్కున్నాడు. అప్పటికే నేను చూశాను. మోచేతుల నిండా, కిందపడితే చెక్కుకుపోయిన గాయాలు, మానినవి కొన్ని, పచ్చివి కొన్ని.

అవి ఎలా తగిలాయని నీతో చెప్పాడు? వెంటనే జాబు రాయి.