వర్జిల్ రైఫిల్‌కి కొత్త కిరీటం

“ఎంత కోసేస్తావు?” అడిగింది ఒలేటా.

“గొట్టంలో రెండంగుళాలు పోతుంది.” డెన్‌జిల్ రైఫిల్ మూతిని కిటికీ వెలుతురులో పెట్టి చూశాడు. అంచు ఒక పక్క లోపలికి నొక్కుకుపోయింది. “ఎలా జరిగిందన్నారు?”

“ట్రక్కులోంచి దింపుతుంటే రాయి మీద పడింది.”

“గట్టి రాయే.”

ఒలేటా భర్త వర్జిల్ పోయి మూడేళ్లయింది. అతనూ డెన్‌జిల్ ఒకే బొగ్గుగనిలో దిగారు, ఒకే కొండ మీద జింకల్ని వేటాడారు. గని మూతపడ్డాక డెన్‌జిల్ ఇంటి వెనక షెడ్డులో తుపాకులు బాగుచేసుకుంటూ ఒంటరిగా కాలం గడుపుతున్నాడు. వర్జిల్ భుజాన వేలాడిన రైఫిల్ మీద రంపం పెట్టాలంటే అతనికి చెయ్యి రాలేదు.

“తొందరేం లేదుగా?” అన్నాడు.

“ఉంది. థాంక్స్‌గివింగ్‌కి మా అక్క వస్తోంది. పండగయ్యాక నన్ను ఒహాయో తీసుకుపోతానంటోంది. ఈలోగా బాగుచేస్తే దీన్ని మా మరిదికి ఇచ్చేసి పోతా.”

“వెళ్తారా?”

“ఇక్కడ నన్ను ఉండమనేవాళ్లెవరున్నారు?”

డెన్‌జిల్ రైఫిల్‌ని బల్లకున్న పట్టుగొయ్యలో బిగించాడు.

“లేత్ మిషన్ మీద పెడితే పూటలో అయిపోతుంది కదా?” అంది ఆమె.

“దాని మోటారు కాలిపోయింది. చేత్తోనే చెయ్యాలి. రోజులు పడతాయి. మీరు మధ్యమధ్య వచ్చి చూసుకోవచ్చు.” కాస్త ఆగి, “అంటే, మీకు నమ్మకం ఉండాలిగా,” అన్నాడు.

“నమ్మకం లేకేం. అయినా వస్తాలే.”

వచ్చింది. ఒకరోజు మొక్కజొన్న రొట్టె, ఒకరోజు ఉడికించిన బీన్సు పట్టుకొచ్చి, బోర్లించిన చెక్కపెట్టె మీద కూర్చునేది. అతను ఇనుపరంపంతో గొట్టాన్ని కోస్తుంటే, “కోస్తున్నావా, దువ్వుతున్నావా?” అనేది. తెగిన చివరని ఆకురాయితో అరగదీసి, మూలమట్టం ఆనించి చూసి, మళ్లీ అరగదీస్తుంటే ఆవలించేది.

“ఇంకా ఎంత చదును చేస్తావు? దాని మీద కాఫీకప్పు పెడతావా?”

“గుండు ఆఖరున తాకేది ఈ అంచునే. ఇది వెంట్రుకవాసి వంకరగా ఉన్నా గుండు జింకని వదిలేసి చెట్టుని కొడుతుంది. అందుకే దీన్ని కిరీటం అంటాం.”

కిరీటం పనికి వచ్చేసరికి, గుండ్రటి తలకాయ ఉన్న ఇత్తడి మరమేకుకి ఉక్కుని నునుపు చేసే గరుకు ముద్ద పూసి, చేతిడ్రిల్లులో బిగించి, గొట్టం మూతిలో మెల్లగా తిప్పాడు.

“అంత చిన్న మేకుతోనా?”

“ఇత్తడి మెత్తన. ఉక్కుకి గాయం చెయ్యదు. నిమిరి నిమిరి దారికి తెస్తుంది.”

“మనుషుల మీద కూడా పనిచేస్తుందేమో చూడరాదూ,” అందామె.

ఆ మాటకి డెన్‌జిల్ చెవులు ఎర్రబడ్డాయి. ఆమె వచ్చిన ప్రతిసారీ చెప్పాలనుకున్నది నోటిదాకా వచ్చేది. ఎదురుగా పట్టుగొయ్యలో వర్జిల్ రైఫిల్ కనిపించేది. స్నేహితుడి ఇంట్లో దొంగతనానికి దూరినట్టనిపించి మళ్లీ పనిలో పడేవాడు.

పండగ వారంలో ఒకరోజు ఒలేటా పొద్దున్నే వచ్చింది. షెడ్డులోంచి హోరు వినిపిస్తోంది. లేత్ మిషన్ గిరగిరా తిరుగుతోంది. ఎవరిదో గొట్టం దాని మీదుంది. ఇనుప రజను మెరుస్తూ నేల మీద రాలుతోంది. డెన్‌జిల్ తలెత్తి, గుమ్మంలో ఆమెని చూసి మీట నొక్కాడు. మిషన్ ఆగిపోయింది.

“మోటారు బాగయిందే,” అందామె.

అవునంటే సరిపోయేది. అబద్ధం నోటికి రాలేదు.

“అది పాడైతేగా. దీని మీద పెడితే ఆ పూటే మీ రైఫిల్ మీకిచ్చేసేవాణ్ణి. మీరు పట్టుకుపోయేవారు. అందుకని...” చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు. తుడిచిన వేళ్లనే మళ్లీ తుడిచాడు. “నువ్వు ఒహాయో వెళ్లొద్దు ఒలేటా.”

ముప్పై ఏళ్ల పరిచయంలో ఆమెని నువ్వు అనడం అదే మొదటిసారి.

“వర్జిల్ తుపాకీని అడ్డం పెట్టుకుని నీతో కబుర్లు చెప్పాను. పైకెళ్లాక వాడి మొహం ఎలా చూస్తానో తెలీదు.”

ఒలేటా బల్ల మీది రైఫిల్ అందుకుంది. కొత్త కిరీటం చుట్టూ బొటనవేలితో నెమ్మదిగా రాసింది. ఎక్కడా గుచ్చుకోలేదు.

“అక్కకి ఫోన్ చేస్తాలే. పండక్కి భోంచేసి ఒక్కతే పొమ్మంటా.”

“కోపం రాలేదా?”

“ఏ మొహం పెట్టుకుని కోప్పడను?” ఆమె అతని వంక చూడకుండా నవ్వింది. “ఆ మూతిని సుత్తితో కొట్టింది నేనే.”