తెరుచుకోని పేజీలు

"ఇది సదాశివ పనే. నా వ్యాసాలు ఎవరూ చదవకుండా ఎడిటర్‌తో ఆపించిండు," అన్నాను.

పక్కింటి అబ్దుల్ వాహెద్ నా కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. వెబ్ పత్రికలో నా వ్యాసం ఒక్కటి తెరుచుకుంటుంది, మిగతావాటికి ఎర్రర్ వస్తుంది. పొద్దున్నే రచయితల వాట్సాప్ గ్రూపులో, నా తోటి రచయిత సదాశివను పేరు పెట్టి కడిగేశాను.

"నా ఫోన్ల అన్నీ వస్తున్నయ్ సాబ్. లొల్లి పత్రికది కాదు, మీ బ్రౌజర్‌ది." సెట్టింగుల్లో వెతికి ఆగాడు. "సదాశివ అనే పేరు బ్లాక్ చేసిన్రు. ఆ పేరున్న పేజీ ఏదీ తెరుచుకోదు."

నిజమే. పోయినేడు అతనికి అవార్డు వచ్చినప్పుడు, ఆ పేరు కంటబడకూడదని నేనే పెట్టించుకున్నాను.

"మరి నా వ్యాసాలెందుకు ఆగినయ్?"

వాహెద్ తన ఫోన్లో వాటిని ఒక్కొక్కటే తిప్పాడు. "కవిత్వం మీద రాసినా సదాశివ. యాకుత్‌పురా స్టేషన్ మీద రాసినా సదాశివ. ఈయనను ఇడిసిపెట్టరా సాబ్?" నవ్వబోయి, నా ముఖం చూసి ఆపుకున్నాడు.

గ్రూపులో పెట్టింది తీసేయబోయాను. అప్పటికే అందరూ చదివేశారు.

నా కంప్యూటర్లో ఎప్పుడూ తెరుచుకునే వ్యాసం ఒక్కటే. మా ఆవిడ చేసే పచ్చిపులుసు మీద రాసిన అరపేజీ. వాహెద్ దాన్ని చివరిదాకా చదివాడు.

"మస్తుగున్నది సాబ్. గిట్లాంటియి ఇంకేమన్నా రాసిన్రా?"

నేను రాసినవన్నీ నాకు గుర్తే. అయినా వెతుకుతున్నట్టు తెరవైపే చూస్తూ కూర్చున్నాను.