పిట్ట లేవాలి

"ఊపిరుందా?" అన్నాడు మాషియంత్.

"ఉంది మామా," అంటూ తుకుప్ టూకన్ పిట్టను అరిటాకు మీద పడుకోబెట్టాడు. ఒంటికి మించిన ముక్కు ఓ పక్కకి వాలిపోయింది. మెడ కింది పసుపు ఈకలు కొన్ని అప్పటికే అతని గుప్పిట్లో ఉన్నాయి.

అమెజాన్ అడవిలో, పస్తాసా ఏటి ఒడ్డున పిల్లనిచ్చే ముందు అల్లుడికి ఈ పరీక్ష తప్పదు. పలచగా మందు పూసిన ముల్లును ఊదుగొట్టంతో కొట్టాలి. పిట్ట మత్తుగా పడాలి. పెళ్ళి తలకట్టుకి ఈకలు తీసుకున్నాక అది మళ్ళీ ఎగరాలి. పిట్ట చస్తే సంబంధం చచ్చినట్టే.

పెళ్ళికూతురు సెనూర్ ఓ మూల కూర్చుని కుండకోసం బంకమట్టి పిసుకుతోంది. తండ్రి వైపు తలెత్తలేదు.

మాషియంత్ తుకుప్ ఊదుగొట్టాన్ని వెలుగుకేసి పెట్టి చూశాడు. "సూటిగా ఉంది. ఆడచెయ్యి తగిలితే వంకరపోతుంది మరి! నాది చూడు, ఇన్నేళ్ళకీ చెక్కుచెదరలేదు. దానిమీద మా ఆవిడ నీడ కూడా పడనివ్వలేదు."

"నీ జాగ్రత్తే జాగ్రత్త," అంది అతని భార్య ఇరార్, ఉప్పు తెస్తూ.

పిట్ట తొడ మీద ఎర్రటి చుక్క కనబడగానే మాషియంత్ మొహం విప్పారింది. "అచ్చం నా దెబ్బే! నా పెళ్ళికి నేనూ తొడ మీదే కొట్టా. ఏ కొమ్మ మీదుందిరా ఇది?"

తుకుప్ సెనూర్ వైపు చూశాడు.

"అలిసొచ్చిన మనిషికి ముందు కల్లు పొయ్యి నాన్నా," అంది సెనూర్.

"అప్పుడే మొగుణ్ణి వెనకేసుకొస్తోంది!" మాషియంత్ పకపకా నవ్వాడు.

మందు విరగడానికి ఇరార్ పిట్ట నోట్లో చిటికెడు ఉప్పు వేసింది. అది కదల్లేదు. తుకుప్ దాని మీదికి వంగాడు. మట్టి పిసికే చప్పుడు కూడా ఆగిపోయింది.

"కంగారెందుకు? లేస్తుంది," అంది ఇరార్ నిబ్బరంగా.

లేచింది. ముక్కు విదిలించి, అందరినీ తిట్టినట్టు ఓ అరుపు అరిచి, చూరు కిందనుంచి అడవిలోకి ఎగిరిపోయింది.

"అల్లుడంటే వీడే!" మాషియంత్ తుకుప్‌ని వాటేసుకున్నాడు. "వీణ్ణి చూస్తే నన్ను నేను చూసుకున్నట్టే ఉంది."

"అవును, అచ్చం నీలాగే," అంది ఇరార్.

మగవాళ్ళిద్దరూ కల్లుకుండ దగ్గరికి చేరారు. ఇరార్ కూతురి చేతుల మీద నీళ్ళు పోసింది. మట్టి కరిగిపోయి, వేళ్ళకంటిన నల్లటి ముల్లుమందు బయటపడింది.

తల్లి గొంతు తగ్గించింది. "మీ నాన్న కోసం నేను కొట్టిన పిట్ట ఇంత తొందరగా లేవలేదే!"