మూడు పిలుపులు

"జడ్జీ వచ్చినాడు, జడ్జీ వచ్చినాడు!"

చిత్తూరు కోర్టు ఆవరణలో, టీ కొట్టు దగ్గర నిలబడిన వాళ్ళంతా ఒక్కసారిగా అటు తిరిగారు.

వచ్చింది తీర్పు చెప్పే జడ్జి కాదు, ముద్దాయి. ఆరేళ్ళ కిందటి వరకూ ఇదే కోర్టులో తీర్పులు చెప్పినవాడు.

కారు దిగగానే నల్లకోట్లు రెండు పక్కలకూ జరిగి దారి ఇచ్చాయి. అలవాటు కొద్దీ ఇద్దరు ముగ్గురు దండాలు కూడా పెట్టారు.

"సూడప్పా, ముద్దాయికి దండాలు!" అన్నాడు టీ కొట్టు ధర్మేంద్ర. "మనమైతే ఈపాటికి మెడబట్టి నూకేవాళ్ళు."

"అంత పెద్దాయన దొంగ తీర్పులు రాసినాడంటే నాకింకా నమ్మబుద్ధి కాలేదబ్బా," అన్నాడొక లాయరు గుమాస్తా.

"రాసినాడు," అంది పక్కనే నిలబడిన కృపామణి. "నా రెండెకరాలు అట్లనే పోయినాయి."

అందరూ మళ్ళీ టీ తాగడంలో పడ్డారు.

సత్యవేడు దగ్గర ఆమెకు నాయన ఇచ్చిన పొలం అది. ఆమె ఏనాడూ కోర్టు మెట్లెక్కలేదు. ఎవరూ నోటీసు ఇవ్వలేదు. జేసీబీ వచ్చి వేరుశనగ చేను చదును చేస్తుంటే అప్పుడు తెలిసింది, తన మీద ఒక కేసు నడిచిందని, అందులో తాను ఓడిపోయిందని. ఆ జడ్జి రిటైరైన తర్వాత పాత తేదీలు వేసి ఇలాంటివి పదకొండు తీర్పులు పుట్టించాడని పోలీసులు కేసు పెట్టారు.

నాలుగేళ్ళుగా వాయిదా వాయిదాకూ ఆమె కూలి మానుకుని వస్తోంది. పోయింది తన భూమే అయినా ఆమెను పలకరించేవాళ్ళు లేరు. వరండాలో బెంచీ మీద కూర్చోవడం, సాయంత్రం మళ్ళీ బస్సెక్కడం. అంతే.

ఆ రోజు బెంచీ మీద నుంచి ఆమె ఒకటి చూసింది.

మాజీ జడ్జి ఒక బక్క మనిషిని స్తంభం చాటుకు పిలిచాడు. భుజం మీద చెయ్యి వేసి, నవ్వుతూ ఏదో చెప్పాడు. బక్క మనిషి చేతులు కట్టుకుని, తల దించుకుని విన్నాడు.

కాసేపటికి ఆ మనిషే ఆమె దగ్గరికి వచ్చాడు. అరవై దాటి ఉంటాయి. నాలుగడుగులకే ఆయాసపడుతున్నాడు.

"అమ్మా, సత్యవేడు కృపామణి నువ్వేనా?"

ఆమెకు ఒళ్ళు మండింది. పోయిన వాయిదాకు కూడా ఇలాగే ఒకడు వచ్చి, రాజీకి రమ్మని బెదిరించి పోయాడు.

"నేనే. ఏమంటాడు మీ దొర?"

"ఆయన మాట కాదు తల్లీ. నీతో ఒకటి చెప్పుకోవాల. చానా రోజులుగా..."

"నీ మాటలు నాకొద్దు. పో ఈడ్నించి."

"ఒక్క నిమిషం..."

ఆమె లేచి నిలబడింది. ఆ పెద్దమనిషి మీద అరవలేక ఇన్నేళ్ళు మింగుకున్న కోపమంతా ఈ బక్క మనిషి మీదికి దూకింది.

"సూడండయ్యా! కోర్టులోకే వచ్చి బెదిరిస్తా ఉండాడు! ఆడమనిషికి దిక్కు లేదనుకున్నారా?"

జనం మూగారు. కానిస్టేబుల్ వచ్చి అతని రెక్క పట్టుకున్నాడు.

"సార్, నాకు లోపల పనుండాది సార్."

"అందరికీ ఉండాది పని. నడువు."

గేటు బయటికి పంపేసి వచ్చాడు కానిస్టేబుల్. కృపామణి గుండె కొంచెం చల్లబడింది. ఇన్నేళ్ళలో ఆ ఆవరణలో ఆమె గెలిచింది అదొక్కటే.

పన్నెండింటికి కేసు పిలిచారు. మొదటి ఇద్దరు సాక్షులూ ముందే మాట మార్చేశారు, ఇక మూడో సాక్షి చెప్పాలి. బంట్రోతు వరండాలోకి వచ్చి పేరు పెట్టి మూడుసార్లు కేక వేశాడు. ఎవరూ పలకలేదు.

'సాక్షి రాలేదు' అని రాసుకున్నారు. వాయిదా పడింది.

"వీడూ అమ్ముడుపోయినాడు," అని పళ్ళు కొరికింది కృపామణి.

తర్వాతి వాయిదాకు పోలీసులు ఏదో కాగితం ఇచ్చారు. జడ్జి, లాయర్లు ఇంగ్లీషులో మాట్లాడుకున్నారు. ఆమెకు తెలిసింది ఒక్కటే, మూడో సాక్షి ఇక రాడని.

ఆ తర్వాత ఐదో నెలలో తీర్పు వచ్చింది. నేరం రుజువు కాలేదు. మాజీ జడ్జి మెట్లు దిగి వెళ్తుంటే ఈసారి దండాలు పెట్టినవాళ్ళు ఎక్కువ.

కృపామణి ప్రభుత్వ లాయరు లోహిత ముందు నిలబడింది.

"ఇంగ నా భూమి మేడమ్?"

"పైకోర్టుకు పోతామమ్మా." లోహిత గొంతులో నమ్మకం లేదు. "ఆ మూడో సాక్షి చెప్పుంటే నిలిచేది. పోలీసులకు చెప్పింది చాలదు, కోర్టులో నిలబడి చెప్పాల."

"ఎంత తీసుకున్నాడో పాపిష్టోడు!"

"అట్లనొద్దు. ఆయన ఏమీ తీసుకోలా. ఊపిరితిత్తుల జబ్బు. ఆ వాయిదా అయిన పన్నెండో దినం పోయినాడు."



"ఆ పొద్దైనా రావల్ల కదా మేడమ్?"

"వచ్చినాడంట. లోపల ఉండనీలేదంట. అప్పుడు నేను పక్క కోర్టులో ఉండా. సాయంత్రం ఫోన్ చేసి చెప్పినాడు. ఎవరు ఉండనీలేదంటే మాత్రం చెప్పలా. 'తప్పు నాదే మేడమ్, ముందే పోయి ఆమె కాళ్ళు పట్టుకోవల్సింది' అన్నాడు."

"ఎవరి కాళ్ళు?"

లోహిత ఫైలు తిప్పి, ఒక ఆధార్ నకలు ఆమె ముందు పెట్టింది.

"సుందరరాజు. ఆ జడ్జి దగ్గర టైపిస్టు. నీ భూమి తీర్పు టైపు చేసింది ఈయనే. జైల్లో పెట్టినా సరే, ఉన్నదున్నట్టు చెప్తానన్నాడు."

కృపామణి వంగి ఫొటో చూసింది.

తాను గేటు బయటికి గెంటించిన ఆ బక్క మనిషే, తన భూమి కోసం నోరు విప్పడానికి వచ్చిన ఒకే ఒక్క సాక్షి.