చిలుకమ్మ రెండో తొర్ర

చింతచెట్టులో చిలుకమ్మకు రెండు తొర్రలుండేవి. ఒకదాంట్లో తానుంటూ, రెండోదాన్ని అద్దెకిచ్చే పని వడ్రంగిపిట్టకు అప్పగించింది.

వడ్రంగిపిట్ట ఉడుతను తెచ్చింది. "పిల్లలున్నవాళ్లు వద్దే, గోడలు గీకుతారు," అంది చిలుకమ్మ. గోరింకలను తెస్తే, "వీళ్లకి చుట్టాలెక్కువ," అంది. గుడ్లగూబ వస్తే, వేళకాని వేళ ఇంటికొస్తాడంది.

"ఇంకెవర్ని తేను పిన్నీ? ఖాళీగా ఉంచితే ఎవరో ఒకరు దూరతారు," అని వడ్రంగిపిట్ట విసుక్కుంది.

"నా ఇల్లు, నా ఇష్టం," అంది చిలుకమ్మ.

వానలు మొదలయ్యాయి. తడిసిన పాము ఒకటి ఎవరినీ అడక్కుండా ఆ తొర్రలో చేరింది.

"దాన్ని పొమ్మని చెప్పవే," అంది చిలుకమ్మ వడ్రంగిపిట్టతో.

"నేను పెట్టిన వాళ్లయితే చెప్పేదాన్నే పిన్నీ."

పాము తల బయటపెట్టింది. "ఇంటావిడ మీరేనా? లోపలికి రండి, కూర్చుని మాట్లాడుకుందాం."

చిలుకమ్మ ఆ పూటే తన తొర్ర కూడా ఖాళీ చేసింది.